ఎం-లాక్ క్యూడీ స్లింగ్ మౌంట్ రివ్యూ: ఉక్కుది తీసుకోండి, గిరగిరా తిరగనిది తీసుకోండి

రైఫిల్‌కి స్లింగ్, అంటే భుజాన వేలాడేసుకునే పట్టీ, కొనేటప్పుడు జనం పట్టీ వెడల్పెంత, ప్యాడ్ ఉందా లేదా, లాగితే బిగుస్తుందా అని తెగ వెతుకుతారు గానీ ఆ పట్టీ ముందు కొస దేనికి తగిలించాలో మాత్రం ఆఖర్న గుర్తొస్తుంది, అప్పుడు చేతికి దొరికిన ఏదో ఒక మౌంట్ కొనేసి హ్యాండ్‌గార్డ్‌కి, అంటే బ్యారెల్ (తుపాకీ గొట్టం) చుట్టూ చెయ్యి పట్టుకోడానికి ఉండే తొడుగుకి, బిగించేస్తారు. నన్నడిగితే పట్టీ ఓ మాదిరిదైనా సర్దుకుపోవచ్చు, ఆ బొటనవేలంత మౌంట్ మాత్రం సరిగా ఉండాలి, ఎందుకంటే రైఫిల్ ముందు బరువంతా వేలాడేది దాని మీదే, అది ఊడిందంటే మూడు నాలుగు కిలోల సామాను మూతి కిందకి పెట్టి నేల మీద పడుతుంది.

ఇప్పుడు రాసేది ఎం-లాక్ (సామాన్లు బిగించుకోడానికి పొడుగాటి కన్నాలుండే పద్ధతి) హ్యాండ్‌గార్డ్‌కి బిగించే క్యూడీ సాకెట్ మౌంట్ గురించి. క్యూడీ అంటే క్విక్ డిటాచ్, బటన్ నొక్కితే ఊడొచ్చే స్వివెల్ (పట్టీ కొసన ఉండే ఉంగరం కొక్కెం), దాని కాడ చుట్టూ చిన్న చిన్న ఉక్కు గుండ్లు ఉంటాయి, బటన్ నొక్కితే గుండ్లు లోపలికి పోతాయి, వదిలితే బయటికొచ్చి సాకెట్ గోడలో ఉన్న గాడిలో కూర్చుంటాయి. నేను రెండు రకాలు వాడాను, హ్యాండ్‌గార్డ్‌తో పాటు వచ్చిన అల్యూమినియంది ఒకటి, విడిగా కొన్న ఉక్కుది ఒకటి. రెంటికీ బ్రాండ్ పేర్లు రాయట్లేదు, ఈ డిజైన్‌లో ఎవరు చేసినా చూడాల్సిన విషయాలు అవే కాబట్టి.

ముందు ఎం-లాక్ ఎందుకు అన్నది రెండు ముక్కల్లో చెప్పేస్తా. పాత పద్ధతిలో పికాటినీ రైల్ (సామాన్లు తగిలించే పళ్ళ పట్టీ) ఉండేది, 1995లో అమెరికా మిలిటరీ స్టాండర్డ్‌గా వచ్చింది, గట్టిదే, కానీ హ్యాండ్‌గార్డ్ నాలుగు వైపులా రైల్ పళ్ళు ఉంటే బరువు బరువు, అరచెయ్యి తురుము పీట మీద పెట్టినట్టుంటుంది. తర్వాత 2012లో కీమోడ్ వచ్చింది, దాని వెనకాల వీఎల్‌టీఓఆర్, నొవెస్కే కంపెనీల వాళ్ళున్నారు, 2014లో మ్యాగ్‌పుల్ కంపెనీ వాళ్ళు ఎం-లాక్ తెచ్చారు. రెండూ హ్యాండ్‌గార్డ్‌కి కన్నాలు పెట్టి కావల్సిన చోటే సామాన్లు బిగించుకునే ఐడియానే. ఏది మేలు అని చాలా కాలం కొట్టుకున్నారు గానీ క్రేన్ అనే చోట ఉన్న అమెరికా నేవీ వాళ్ళ సెంటర్ రెంటినీ పక్కపక్కన పెట్టి టెస్ట్ చేసి, ఆ రిపోర్ట్ 2017లో బయటికొచ్చాక ఆ గొడవ దాదాపు సద్దుమణిగింది. సామాను ఊడదీసి మళ్ళీ బిగిస్తే గురి ఎంత జరుగుతుందని చూస్తే ఎం-లాక్‌కి సగటున 1.3 ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు), కీమోడ్‌కి 4.9 దాకా పోయిందట, కిందపడేసే టెస్ట్‌లోనూ లాగి విరిచే టెస్ట్‌లోనూ ఎం-లాక్‌దే పైచెయ్యి. స్లింగ్ మౌంట్‌కి గురి తిరిగి అదే చోటికి రావడంతో పనేం లేదు, మనక్కావల్సింది లాగినా ఊడకపోవడం, ఆ రెండో లెక్కే మనది. ఇంకోటి, కీమోడ్‌ని మెటల్ హ్యాండ్‌గార్డ్‌లకే వాడమంటారు, ఎం-లాక్ అయితే ప్లాస్టిక్ వాటికీ సరిపోతుంది.

సరే, మౌంట్ సంగతికి వద్దాం.

అల్యూమినియం మౌంట్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, తేలిక, నల్ల రంగు నీట్‌గా ఉంటుంది, మొదట్లో స్వివెల్ టక్కుమని కూర్చుంటుంది కూడా. దాని జబ్బు వాడగా వాడగా తెలుస్తుంది. స్వివెల్ గుండ్లేమో గట్టి ఉక్కు, సాకెట్ గోడేమో మెత్తటి అల్యూమినియం, నడిచేటప్పుడు స్లింగ్ ఊగిన ప్రతిసారీ ఆ గుండ్లు గోడని గీకుతూనే ఉంటాయి, దానికి తోడు దుమ్ము చేరితే సాన పట్టినట్టే. ముందు అంచు చుట్టూ రంగు పోయి తెల్లగా మెరుస్తుంది, తర్వాత స్వివెల్ కాస్త లొడలొడలాడుతుంది. నా దాంట్లో ఊడిపోయేంత అరుగుదల రాలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి, కానీ వేలితో అటూ ఇటూ కదిపితే ఆడటం తెలుస్తోంది, రైఫిల్ భుజాన ఉండగా ఆ టకటక చెవిలో పడుతూ ఉంటే మనశ్శాంతి ఉండదు. కొన్ని అల్యూమినియం మౌంట్లలో సాకెట్ వరకు ఉక్కు గిన్నె దింపి ఇస్తారు, అలాంటిదైతే పర్లేదు.

దానికంటే పెద్ద ఇబ్బంది, ఆ అల్యూమినియం సాకెట్‌లో స్వివెల్ గిరగిరా తిరుగుతుంది. లోపల గాడి గుండ్రంగా ఒకే వరసన కోసేశారు, అందుకే ఎటైనా తిరుగుతుంది. కొనేటప్పుడు "360 డిగ్రీలు ఫ్రీగా తిరుగుతుంది" అని గొప్పగా రాస్తారు, చదవడానికి అదేదో సౌకర్యంలా ఉంటుంది, వాడాక తెలుస్తుంది అది శాపమని. రైఫిల్‌ని భుజం మీంచి దించడం, మళ్ళీ తగిలించుకోవడం, బెంచి మీద పెట్టడం, కవర్‌లో పెట్టడం, ఇలా ఒక్కో పనికి పట్టీ ఒక్కో మెలిక వేసుకుంటూ పోతుంది, షూటింగ్ రేంజ్ నుంచి తిరిగొచ్చేసరికి తాడు పేనినట్టు తయారవుతుంది, అప్పుడు పొడవు సరిచేసే ట్యాబ్ లాగితే మెలిక దగ్గర ఇరుక్కుని జరగదు. సరిగ్గా భుజానికి బిగించాల్సిన టైంలో పట్టీ కదలకపోతే ఆ చిరాకు ఇంతా అంతా కాదు.

ఉక్కు మౌంట్‌లో ఈ గోల లేదు. సాకెట్ లోపల గుండ్రటి గాడికి బదులు నాలుగు వైపులా విడివిడిగా చిన్న గుంటలు ఉంటాయి, గుండ్లు వాటిల్లో కూర్చుంటాయి, స్వివెల్ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది గానీ చుట్టు తిరగలేదు. ఎటు తిప్పి పెట్టాలో పెట్టేటప్పుడే నిర్ణయించుకోవచ్చు. నేను పట్టీ వెనక్కి వాలేలా పెట్టాను, మెలిక సమస్య అక్కడితో తీరిపోయింది. ఈ రివ్యూలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి చూసి కొనండి, పెట్టె మీద "లిమిటెడ్ రొటేషన్" అనో "యాంటీ రొటేషన్" అనో ఉండాలి. స్టాకుకి (భుజానికి ఆనించే భాగం) వెనక వైపు ఉండే సాకెట్ కూడా అలాంటిదే ఉంటే ఇంకా మంచిది, ఒక కొస ఆగి రెండో కొస తిరిగినా సగం మెలికలు పడతాయి.

ఇక బిగించడం. పెట్టెలో వచ్చిన కాగితం మరీ ఘోరం, రెండు బొమ్మలు, ఒక బాణం గుర్తు, ఒక టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న) అంకె, అంతే. కొత్తగా చేసేవాళ్ళకి అది చాలదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసేయాలి, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌లో, అంటే కాల్చే తూటా కూర్చునే చోట, ఏమీ లేదని కంటితో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి, తూటాలు ఆ బల్ల మీదే కాదు ఆ గదిలోనే లేకుండా పక్కన పెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే గానీ లోపల టీ-నట్ (మౌంట్‌ని పట్టి ఉంచే ముక్క) తిరిగిందో లేదో చూడ్డానికి మూతి వైపు నుంచి తొంగి చూసే పని ఇది, కాబట్టి రెండోసారి చూసుకోవడం తప్పేం కాదు. వీలైతే బోల్ట్ మొత్తం బయటికి తీసేయండి, ఇంకా నిశ్చింత. అలాగే మీరుండే చోట రైఫిల్‌కి ఇలాంటి సామాన్లు బిగించడం మీద రూల్స్ ఏమైనా ఉంటే అవీ చూసుకోండి.

ఎం-లాక్ స్లాట్ సుమారు 32 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, రెండు స్లాట్ల మధ్య 8 మిల్లీమీటర్ల గోడ, అంటే మౌంట్‌ని ఒక స్లాట్ ముందుకో వెనక్కో జరిపితే నాలుగు సెంటీమీటర్లు జరిగినట్టు. మౌంట్ కింద రెండు చిన్న బొడిపెలు ఉంటాయి, అవి స్లాట్‌లో కూర్చుని మౌంట్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపుతాయి. స్క్రూల చివర టీ-నట్లు ఉంటాయి, పేరుకి నట్టే గానీ రెండు వైపులా చెవులున్న చిన్న ఇనుప ముక్క.

ఇక్కడ స్క్రూని పూర్తిగా ఊడదీయొద్దు. టీ-నట్ స్క్రూ కొసన వేలాడేంత వదులు చేసి, దాని చెవులు స్లాట్ పొడవు వెంట ఉండేలా వేలితో తిప్పి, మౌంట్‌ని స్లాట్‌లోకి దింపాలి. ఇప్పుడు కీతో బిగించే వైపు తిప్పితే స్క్రూతో పాటు టీ-నట్ కూడా పావు చుట్టు తిరిగి ఆగిపోతుంది, అక్కడ చెవులు స్లాట్‌కి అడ్డంగా వచ్చి లోపలి గోడని పట్టుకుంటాయి, ఇంకా తిప్పితే అది పైకి పాక్కుంటూ వచ్చి బిగుస్తుంది. ఈ పావు చుట్టు తిరగడం అనేదంతా స్క్రూ మరలకీ నట్‌కీ మధ్య ఉండే రాపిడి మీదే నడుస్తుంది. అందుకే మరలకి నూనె రాస్తే ఒక్కోసారి స్క్రూ తిరుగుతుంది గానీ నట్ కదలదు, స్క్రూ మాత్రం బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, తీరా చూస్తే చెవులు ఇంకా స్లాట్ వెంటే ఉంటాయి, లాగితే మౌంట్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. తుపాకీకి నూనె రాయడం అలవాటైన చేతులు కాబట్టి చాలామందికి ఇక్కడ దెబ్బ పడుతుంది. మరలు పొడిగా ఉండాలి, నూనె ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయాలి.

చెవులు తిరిగాయో లేదో కంటితో చూడకుండా వదలొద్దు. హ్యాండ్‌గార్డ్ ముందు నుంచి సన్నటి టార్చ్ వేసి చూస్తే బ్యారెల్‌కీ గోడకీ మధ్య సందులో టీ-నట్లు కనిపిస్తాయి, లోతుగా ఉంటే ఎదురుగా ఉన్న స్లాట్‌లోంచి చూడొచ్చు, ఫోన్ కెమెరా స్లాట్‌కి ఆనించి ఫోటో తీసినా స్పష్టంగా వస్తుంది. రెండు చెవులూ స్లాట్ దాటి గోడ మీద సమంగా కూర్చుని ఉండాలి. నా ఉక్కు మౌంట్‌లో ఒక నట్ సరిగ్గా అడ్డంగా వచ్చింది, రెండోది కొంచెం ఓరగా ఆగింది, టార్చ్ వెలుగులో దాని ఒక చెవి నీడ స్లాట్ అంచు మీద వంకరగా పడి కనిపించింది, స్క్రూ కాస్త వదులు చేసి, కీతో స్క్రూని కొంచెం లోపలికి నొక్కి పట్టి మళ్ళీ తిప్పితే సర్దుకుంది. పైనుంచి చూస్తే ఈ తేడా అస్సలు తెలియదు, రెండు స్క్రూ తలలూ ఒకే మట్టంలో ఉన్నట్టే ఉంటాయి.

ఇంకో చెకింగ్ ఉంది, దీన్ని చాలా వీడియోల్లో వదిలేస్తారు. హ్యాండ్‌గార్డ్ సన్నగా ఉంటే టీ-నట్, దాని కిందకి పొడుచుకొచ్చిన స్క్రూ కొస బ్యారెల్‌కి గానీ గ్యాస్ బ్లాక్‌కి (బ్యారెల్ మీద గ్యాస్‌ని మళ్ళించే దిమ్మ) గానీ తగలొచ్చు. తగిలితే బ్యారెల్‌ని ఫ్రీగా వదిలేయాలన్న హ్యాండ్‌గార్డ్ ఉద్దేశమే పోయింది. పొడుగాటి కాగితం ముక్క కోసుకుని ముందు నుంచి బ్యారెల్‌కీ నట్‌కీ మధ్య దోపి వెనక్కీ ముందుకీ జరపండి, ఎక్కడా పట్టకుండా జారితే సరే, పట్టేస్తే మౌంట్ వేరే స్లాట్‌కి మార్చాలి లేదా కంపెనీ ఇచ్చే పొట్టి స్క్రూ వాడాలి. గ్యాస్ బ్లాక్ ఉన్న చోట కాగితం కూడా దూరనంత ఇరుకు ఉంటే ఆ స్లాట్‌ని మర్చిపోవడమే.

టార్క్ విషయానికొస్తే నా మౌంట్ కాగితంలో 35 ఇంచ్-పౌండ్లు అని ఉంది, అంటే దాదాపు 4 న్యూటన్ మీటర్లు. అంకె చూసి పెద్దదనుకోకండి, చాలా తక్కువ, పొడుగు చెయ్యి ఉన్న అలెన్ కీతో మామూలుగా ఒక నొక్కు నొక్కితేనే దాటిపోతుంది. టార్క్ డ్రైవర్ ఉంటే అదే వాడండి, లేకపోతే కీ పొడుగు వైపు స్క్రూలో పెట్టి పొట్టి వైపు రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పండి, ఎక్కువ బలం పెట్టడానికి వీలుండదు. ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ అయితే దాని కాగితంలో ఇచ్చిన అంకె చూసుకోండి, మెటల్ లెక్కన బిగిస్తే స్లాట్ అంచు నలిగిపోతుంది, అలా నలిగాక మళ్ళీ పట్టు రాదు.

కీ గురించి ఒక చిన్న మాట, పెట్టెలో వచ్చిన కీ వాడితే మేలు, లేదా సరిగ్గా ఆ సైజుది వాడాలి. నా దాంట్లో 1/8 అంగుళం, అంటే 3.175 మిల్లీమీటర్లు, ఇంట్లో ఉన్న 3 మిల్లీమీటర్ల కీ అందులో దూరుతుంది కదా అని వాడితే లోపల ఆడుతుంది, ఆడితే స్క్రూ తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, తర్వాత ఊడదీయాలంటే డ్రిల్ దాకా పోవాలి. అయితే పెట్టెలో ఇచ్చిన కీ మరీ మెత్తటి ఇనుము, కొసలు ముందే కొంచెం గుండ్రంగా ఉన్నాయి, ఇంత మంచి ఉక్కు మౌంట్‌తో అలాంటి కీ ఇవ్వడం ఏంటో నాకర్థం కాలేదు.

థ్రెడ్ లాకర్ (మరలు వదులవ్వకుండా పట్టించే జిగురు) వెయ్యాలా వద్దా? స్క్రూ మరల మీద ముందే రంగు పొరలాంటి ప్యాచ్ ఉంటే మళ్ళీ వెయ్యక్కర్లేదు. లేకపోతే నీలం రంగుది, మీడియం బలంది, ఒక్క చుక్క చాలు, అదీ తడే కాబట్టి చెవులు తిరిగాయో లేదో మళ్ళీ చూసుకోండి. ఎర్రది వద్దు, దాన్ని ఊడదీయాలంటే బాగా వేడి పెట్టాలి, హ్యాండ్‌గార్డ్ రంగు గోవిందా. ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ వాళ్ళు మాత్రం జాగ్రత్త, ఈ లాకర్ ద్రవం కొన్ని రకాల ప్లాస్టిక్‌కి తగిలితే వెంట్రుకవాసి పగుళ్ళు తెప్పిస్తుంది, మరలకి మాత్రమే రాసి కారిందేమైనా ఉంటే వెంటనే తుడిచేయాలి, లేదా అసలు మానేసి తరచుగా చెక్ చేసుకోవాలి. బిగించాక స్క్రూ తల మీంచి మౌంట్ మీదకి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక సన్న గీత గీస్తే, తర్వాత ఎప్పుడైనా స్క్రూ వదులైతే గీత విరిగి కనిపిస్తుంది, కీ పెట్టి చూడక్కర్లేదు.

ఎక్కడ బిగించాలి అన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దీని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, నాది చెప్తా. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ పక్కన, ఎడమచేతి వాటం వాళ్ళకి కుడి పక్కన, ఇందులో పెద్ద గొడవేం లేదు, రైఫిల్ ఒంటికి ఆనుకుని ఉంటుంది, పట్టీ మెడకి అడ్డం రాదు. అడుగు భాగాన పెడితే భుజాన వేలాడేసి నడవడానికి బాగానే ఉంటుంది గానీ బెంచి మీద, ఇసుక సంచి మీద పెట్టినప్పుడు స్వివెల్ అడుగున ఆని రైఫిల్ ఊగుతుంది. ముందుకా వెనక్కా అంటే, ఇక్కడే లాభనష్టాలు ఉన్నాయి.

ఫ్రీ-ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ వెనక బ్యారెల్ నట్ (బ్యారెల్‌ని రైఫిల్ ఒంటికి బిగించే నట్) దగ్గర మాత్రమే పట్టుకుని ఉంటుంది, మిగతాదంతా గాల్లో ముందుకి పొడుచుకుని ఉంటుంది. మౌంట్‌ని బాగా చివరన పెట్టి పట్టీని చేతికి చుట్టి బిగించి లాగితే ఆ పొడవంతా లివర్‌లా పని చేసి హ్యాండ్‌గార్డ్ కాస్త వంగుతుంది. వంగి బ్యారెల్‌కి తగిలిందంటే తూటా పడే చోటు మారుతుంది, తగలకపోయినా హ్యాండ్‌గార్డ్ మీద లేజర్ గానీ ముందు సైట్ గానీ ఉంటే వాటి గురి జరుగుతుంది. కొన్ని పాత రైఫిళ్ళలో ముందు స్వివెల్ నేరుగా బ్యారెల్‌కే ఉండేది, ఎం16 లాంటి వాటిలో ముందు సైట్ దిమ్మకే తగిలించేవాళ్ళు, పట్టీ గట్టిగా లాగితే తూటా లాగిన వైపుకి జరగడం వాటితో కాల్చినవాళ్ళకి బాగా తెలుసు. ఫ్రీ-ఫ్లోట్‌తో ఆ జబ్బు చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నా దాంట్లో చివరి స్లాట్‌లో పెట్టి పడుకుని పట్టీ బిగించి కాలిస్తే గ్రూప్ (తూటాలు పడ్డ కన్నాల గుంపు) పట్టీ వైపుకి కంటికి కనిపించేంత జరిగింది, మధ్యకి తెచ్చాక బిగించినా వదిలినా తేడా పట్టుకోలేకపోయాను. హ్యాండ్‌గార్డ్ మందాన్ని బట్టి, దాని పట్టు ఎంత గట్టిదన్నదాన్ని బట్టి ఇది మారుతుంది, కాబట్టి ఎవరి రైఫిల్‌తో వాళ్ళే పట్టీ బిగించి ఒక గ్రూప్, వదిలేసి ఒక గ్రూప్ కాల్చి చూసుకోవడమే దారి.

అలాగని మరీ వెనక్కి రిసీవర్ (బోల్ట్ ఉండే రైఫిల్ మధ్య భాగం) పక్కకి తెచ్చేస్తే ఇంకో తంటా, భుజాన వేలాడేసినప్పుడు మూతి బరువుకి ముందుకి వాలి మోకాళ్ళకి కొట్టుకుంటుంది. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకోవడం మాత్రం సులువు. ముందు చెయ్యి పట్టుకునే చోట మాత్రం పెట్టకూడదు, అందులోనూ బొటనవేలు ఆనే చోట అస్సలు వద్దు, స్వివెల్ బటన్ వేలికి తగులుతూ ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ వేలి కణుపు మీద చిన్న దెబ్బ. రైఫిల్ ఖాళీగా ఉంచి కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి చూడండి, చెయ్యి ఎక్కడ పడుతుందో అక్కణ్ణుంచి ఒక స్లాట్ ముందు, అదీ నా లెక్క. మరీ మూతి దగ్గర అయితే ఎక్కువ కాల్చినప్పుడు మౌంట్ వేడెక్కి నైలాన్ పట్టీకి, వేళ్ళకి రెంటికీ మంచిది కాదు, ఉక్కు ముక్క వేడి పట్టుకుంటే తొందరగా వదలదు కూడా.

టార్గెట్ షూటింగ్ పోటీల వాళ్ళ లెక్క వేరే, ఇదంతా వాళ్ళకి వర్తించదు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య) పోటీల్లో 50 మీటర్ల రైఫిల్‌కి పడుకుని, మోకాలి మీద కాల్చేటప్పుడు స్లింగ్ వాడొచ్చు గానీ నిలబడి కాల్చేటప్పుడు వాడకూడదు, పట్టీ వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, రైఫిల్‌కి ముందు ఒకే చోట తగిలించాలి. వాళ్ళ రైఫిల్ అడుగున పొడుగాటి రైల్ ఉంటుంది, హ్యాండ్‌స్టాప్ (ముందు చెయ్యి ఆనించే దిమ్మ) అందులో జరుపుకుని చేతికి సరిపోయిన చోట బిగించుకుంటారు, స్వివెల్ ఆ హ్యాండ్‌స్టాప్‌కే ఉంటుంది. అక్కడ పట్టీ పని మొయ్యడం కాదు, రైఫిల్‌ని కదలకుండా నిలబెట్టడం, అందుకే వాళ్ళకి మిల్లీమీటర్ల లెక్క. మన ఎం-లాక్ మౌంట్ నాలుగు సెంటీమీటర్లకో మెట్టు అంటే వాళ్ళు నవ్వుతారు.

కర్ర ఫోరెండ్ (ముందు చెయ్యి పట్టుకునే భాగం) ఉన్న వేట రైఫిల్ వాళ్ళకి ఇంకో పద్ధతి, స్వివెల్ తగిలించే స్టడ్ బిగించుకోవాలి, వెనక స్టాకులోకి మామూలు కర్ర స్క్రూ స్టడ్ చాలు గానీ ముందు ఫోరెండ్ పల్చగా ఉంటుంది కాబట్టి మర స్క్రూ వేసి బ్యారెల్ గాడి లోపలి నుంచి నట్‌తో పట్టించాలి, ఆ నట్ కర్రలోకి పూర్తిగా దిగి ఉండాలి, బ్యారెల్‌కి ఆనకూడదు. డ్రిల్ పని అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళతో చేయించుకోవడం నయం.

మళ్ళీ మౌంట్ దగ్గరికే వస్తే, బిగించాక పరీక్ష ఇలా చేశాను. స్వివెల్ లోపలికి నొక్కాక బటన్ ముట్టుకోకుండా గట్టిగా లాగి చూడాలి, ఒక్కోసారి దుమ్ము అడ్డం పడి గుండ్లు సగమే బయటికొస్తాయి, కూర్చున్నట్టే ఉంటుంది, భుజాన వేసుకున్నాక ఊడుతుంది. ఈ లాగి చూడటం మాత్రం ప్రతిసారీ చెయ్యాలి, అలవాటైపోతే అర సెకను పని. తర్వాత ఖాళీ రైఫిల్‌ని పరుపు మీద పెట్టి పట్టీని నాలుగు వైపులా కుదిపి లాగాను, ఉక్కు మౌంట్ ఇసుమంత కూడా కదల్లేదు, తెల్ల గీత అలాగే ఉంది. బాగా వాడాక కూడా ఉంది. అల్యూమినియం దాని గీత ఒకటి కొంచెం జరిగింది, మళ్ళీ బిగించాల్సొచ్చింది.

ఉక్కు మౌంట్‌కి వంకలు లేవా అంటే ఉన్నాయి. సాకెట్ నోటి అంచు పదునుగా వదిలేశారు, వేలి కొసతో చుట్టూ రాస్తే ఒక చోట గీరుకుంటుంది, పట్టీ నైలాన్‌కి తగిలితే పోగులు లేస్తాయి, సన్నటి ఎమరీ కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే పోయింది గానీ ఆ పని వాళ్ళు చేసి పంపాలి. రుద్దిన చోట పూత పోయింది కాబట్టి అక్కడ తడి చేరితే తుప్పు మచ్చ వస్తుంది, తుడిచినప్పుడల్లా నూనె గుడ్డతో ఒక రాపు రాయాలి, మరలకి తగలకుండా సుమా. బరువు చేతిలో విడిగా పట్టుకుంటే అల్యూమినియం దానికంటే బాగా తెలుస్తుంది, రైఫిల్ మీద ఎక్కాక తెలియదు. ఇక చప్పుడు, ఉక్కు మీద ఉక్కు కాబట్టి పట్టీ వదులుగా ఉంటే స్వివెల్ ఉంగరం మౌంట్‌కి తగిలి టిక్కు టిక్కు మంటుంది, వేటకెళ్ళేవాళ్ళకి ఇది నచ్చదు, ఉంగరానికి సన్నగా టేపు చుడితే తగ్గుతుంది. స్వివెల్ బటన్ కొంచెం లోతుగా దిగి ఉండే రకం తీసుకోవడం మంచిది, ఉబ్బెత్తుగా ఉన్నవాటిని బెల్టు గానీ బ్యాగు బకిల్ గానీ నొక్కేసే అవకాశం ఉంది.

క్యూడీ అక్కర్లేదు, స్లింగ్ ఎప్పుడూ ఉండేదే అనుకునేవాళ్ళు అసలు ఈ సాకెట్ గొడవే లేకుండా ఎం-లాక్‌కి బిగించే మామూలు ఉంగరం రకం తీసుకోవచ్చు, అందులో పట్టీని నేరుగా దోపి బకిల్‌తో కట్టేస్తారు, చప్పుడుండదు, గుండ్లుండవు, చెడిపోవడానికి ఏమీ లేదు. నేను తుడిచేటప్పుడు, కవర్‌లో పెట్టేటప్పుడు పట్టీ తీసేస్తాను కాబట్టి నాకు క్యూడీనే కావాలి.

రేటింగ్ ఇవ్వాలంటే ఉక్కు మౌంట్‌కి ఐదుకి నాలుగు, ఆ ఒకటి పదును అంచుకీ మెత్తటి కీకీ పోయింది. అల్యూమినియం దానికి రెండున్నర, అదీ రేంజ్‌కి తీసుకెళ్ళి తెచ్చుకోవడం వరకే వాడేవాళ్ళకి. ఉక్కుది ఇప్పుడు ఎడమ పక్కన మధ్య స్లాట్‌లోనే ఉంది, కాల్చి వచ్చిన ప్రతిసారీ తుడిచేటప్పుడు గీత చూస్తాను, టార్చ్ వేసి టీ-నట్లు ఒకసారి చూస్తాను, స్వివెల్ గుండ్ల చుట్టూ పాత టూత్ బ్రష్‌తో దుమ్ము దులుపుతాను, అంతకుమించి అది నన్ను ఏ పనీ అడగలేదు.